సైకిల్ మీద రెండు రాత్రులు: ఏం కట్టుకోవాలి, ఏం వండుకోవాలి

శ్రీకాకుళంలో కొత్తగా సైకిల్ తొక్కుతున్న కుర్రాళ్ళు నన్ను అడిగేవి మూడే ప్రశ్నలు. "అన్నా, టెంట్ ఏది కొనాలి? స్టవ్ ఏది కొనాలి? రాత్రికి తిండి ఎలా?" ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పి చెప్పి విసుగొచ్చి, ఒకేసారి రాసేస్తున్నాను. ఇది రెండు రాత్రులు, మూడు పగళ్ళ ప్రయాణానికి లెక్క. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల తీరం, మైదానం మనసులో పెట్టుకుని రాసింది. హిమాలయాలకు వెళ్ళేవాళ్ళకు పనికిరాదు.

సామాను కొనేముందు ఒకటి గుర్తుంచుకోండి. వీడియోల్లో కనిపించే సరంజామాలో సగం చలి దేశాల కోసం తయారైంది. మనల్ని రాత్రి నిద్రపోనివ్వనివి చెమట, దోమలు, తెల్లవారుజామున కురిసే మంచు. ఇక తిండి సంగతి. మన రోడ్ల మీద కాస్త పెద్ద ఊరు తగిలితే చాలు, ఇడ్లీలు, బజ్జీలు దొరుకుతాయి. అందుకని పగలు వండకండి. రాత్రికి ఒక పూట వంట, పొద్దున్న బయల్దేరేముందు ఒక గ్లాసు అంబలి. ఇంతవరకే మోసుకెళ్ళండి. ఈ ఒక్క నిర్ణయంతో సంచిలోంచి మూడు నాలుగు కిలోలు దిగిపోతాయి.

వెళ్ళాల్సింది నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి లోపల. అక్టోబరు మనకు తుఫాన్ల నెల. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ రెండూ ఆ నెలలోనే వచ్చాయి. తిత్లీ అయితే పలాస దగ్గరే తీరం దాటింది. బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న మాట వినబడితే ప్రయాణం వాయిదా వేసుకోండి, సిగ్గుపడాల్సిన పనేం లేదు.

కావలసినవి

పడుకోవడానికి:
- ఇద్దరు పట్టే టెంట్. రెండున్నర కిలోలు మించకూడదు. లోపలి గది మొత్తం దోమతెర గుడ్డతో ఉండాలి, పై కప్పు విడిగా రావాలి. ఒకే పొరతో వచ్చే చవక టెంట్లు కొనకండి, లోపల ఆవిరి పట్టి తెల్లారేసరికి మీ మీదే కారుతుంది.
- టెంట్ బదులు: ఒక మనిషి పట్టే దోమతెర, దాని మీద కట్టడానికి టార్పాలిన్, పది మీటర్ల నైలాన్ తాడు. నేను మొదటి ఏడాదంతా ఇలాగే గడిపాను. గాలి బాగా ఆడుతుంది. వాన వస్తే మాత్రం కష్టం.
- కింద పరచడానికి ఫోమ్ షీటు. గాలి నింపే పరుపులు వద్దు. తుమ్మముల్లు, పల్లేరుకాయ ఒక్కటి చాలు దాని పని అయిపోవడానికి.
- పలచని దుప్పటి ఒకటి, లుంగీ ఒకటి. తీరంలో స్లీపింగ్ బ్యాగ్ అక్కర్లేదు.
- తలకు కట్టుకునే లైటు.

వంటకు:
- చిన్న డబ్బా మీద బిగించే గ్యాస్ స్టవ్, 230 గ్రాముల డబ్బా ఒకటి.
- ఒకటిన్నర లీటర్ల అల్యూమినియం గిన్నె, దానికి సరిగ్గా పట్టే మూత, పట్టకారు, గరిటె, స్టీలు గ్లాసు, చెంచా.
- లైటరు, దాంతోపాటు ప్లాస్టిక్ కవర్లో చుట్టిన అగ్గిపెట్టె. ఉప్పుగాలికి లైటరు మొండికేస్తుంది.
- నీళ్ళకు రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాలు రెండు. తేలిక, గట్టి, పోయినా బాధలేదు.

సైకిల్‌కు:
- వెనక గట్టి కేరియర్, రెండు పక్కలా వేలాడే సంచులు.
- సంచులకు డబ్బు లేకపోతే పాలవాళ్ళు కేన్లు తగిలించుకునే ఇనుప చట్రం వెల్డింగ్ షాపులో చేయించుకుని, రెండు రెక్సిన్ బ్యాగులు తగిలించండి. బరువే, కానీ విరగదు.
- పాత ట్యూబు కోసిన పట్టీలు నాలుగు. కొనే హుక్కుల తాళ్ళకంటే ఇవే నమ్మకం.
- పంపు, ప్యాచులు, సొల్యూషన్, టైరు విప్పే లీవర్లు, ఒక కొత్త ట్యూబు.

మొదటి మెట్టు: మేడ మీద ఒక రాత్రి

టెంట్ కొన్న వారంలోనే మేడ మీద వేసి పడుకోండి. ఇంట్లోవాళ్ళు నవ్వుతారు, నవ్వనివ్వండి. రెండు బకెట్ల నీళ్ళు పైనుంచి పోయండి. పావుగంట ఆగి లోపలికి వెళ్ళి కుట్ల వెంబడి వేలు రాసి చూడండి. కుట్టు గీత వెంబడే తడి ఉంటే అది లీకు, కుట్ల మీద రాసే సీలర్ పూయాలి.

వాన లేని రాత్రి పడుకుని లేచాక పై కప్పు లోపలివైపంతా ఒకేలా చెమ్మగా ఉందా? అది లీకు కాదు, మీ ఊపిరే. అప్పుడు చేయాల్సింది రెండు వైపులా జిప్పు కింద జానెడు తెరిచి ఉంచడం. ఈ తేడా తెలియక మంచి టెంట్‌ను చవగ్గా అమ్మేసుకున్నవాడు నాకు తెలుసు.

అదే రాత్రి మేడ మీదే వంట కూడా చేయండి. గరిటె మర్చిపోయారా, ఉప్పు మర్చిపోయారా అన్నది ఇంటి దగ్గరే బయటపడాలి.

రెండో మెట్టు: తూకం

సామానంతా మంచం మీద పరచండి. రెండు లీటర్ల నీళ్ళతో, తిండితో కలిపి పన్నెండు కిలోలు దాటకూడదు. ఇంట్లో తూచే మిషన్ లేకపోతే కిరాణా కొట్టుకు పట్టుకెళ్ళండి. దాటితే తీసేయాల్సిన వరస ఇది: రెండో ప్యాంటు, మడత కుర్చీ, రెండో గిన్నె, "ఎందుకైనా మంచిదని" పెట్టుకున్న ప్రతి వస్తువు. మందులు, లైటు, ట్యూబు మాత్రం ముట్టుకోకండి.

మూడో మెట్టు: సర్దడం, కట్టడం

బరువైనవి కింద, మధ్యకు. బియ్యం, గిన్నె, గ్యాస్ సంచుల అడుగున పెట్టండి. టెంట్, ఫోమ్ షీటు కేరియర్ మీద అడ్డంగా. నీళ్ళ సీసాలు రెండు పక్కలా సమానంగా. వీపు మీద ఏమీ పెట్టకండి. ఇరవై కిలోమీటర్లు దాటాక వీపు సంచి ఎంత చిన్నదైనా నడుము పట్టేస్తుంది.

గ్యాస్ డబ్బా కొన్న రోజే తూచి, నిండు బరువు దాని మీద మార్కర్‌తో రాసిపెట్టండి. దారిలో ఏ కిరాణా కొట్టు తక్కెడలో పెట్టినా ఎంత ఖర్చయిందో తెలిసిపోతుంది. గాలి తగలని చోట లీటరు నీళ్ళు కాగడానికి సుమారు పదిహేను గ్రాములు పోతుంది. ఈ లెక్కన రెండు రాత్రులకు ఇద్దరికి ఒక డబ్బా సరిపోతుంది, అందులో ఇంకా గ్యాస్ మిగులుతుంది కూడా.

ఇచ్ఛాపురం దాకా రైల్లో వెళ్ళి తొక్కుతూ తిరిగొద్దాం అనుకునేవాళ్ళకు ఒక హెచ్చరిక. రైల్లో గ్యాస్ డబ్బాలు, స్పిరిట్, కిరసనాయిలు తీసుకెళ్ళడం నేరం. ఆ ప్రయాణానికి వండని తిండి పెట్టుకోండి, లేదా దిగాక మూడు రాళ్ళ పొయ్యి.

కట్టడం సరిగా ఉందా అని ఇలా చూడండి:
- సైకిల్ నిలబెట్టి సీటు పట్టుకుని అటూఇటూ ఊపండి. సంచులు సైకిల్‌తోపాటే కదలాలి, తర్వాత కదలకూడదు.
- పెడల్ వెనక్కి తిప్పి మడమ సంచికి తగులుతుందేమో చూడండి. తగిలితే సంచిని వెనక్కి జరపాలి.
- పది మీటర్లు ఒంటిచేత్తో తొక్కండి. హ్యాండిల్ వణికితే పైన బరువెక్కువైందని అర్థం.
- వెనక్కి వెళ్ళి చూడండి. సంచులు ఎర్ర లైటును కప్పేశాయా? దాదాపు అందరూ చేసే తప్పిది. లైటును సంచి మీదికి మార్చండి.
- వెనక టైరులో ముందుదానికంటే కాస్త ఎక్కువ గాలి. టైరు పక్కన అచ్చయిన అంకె మాత్రం దాటకూడదు.

మొదటి ఇరవై కిలోమీటర్ల తర్వాత ఆగి కేరియర్ బోల్టులు మళ్ళీ బిగించండి. టీ తాగడానికి ఎలాగూ ఆగుతారు.

నాలుగో మెట్టు: చోటు వెతకడం

ఇక్కడే ఎక్కువమంది పప్పులో కాలేస్తారు, అందుకే కొంచెం సాగదీస్తాను.

డిసెంబరులో మన దగ్గర ఐదుంపావు దాటాక సూర్యుడు దిగిపోతాడు. నాలుగింటికల్లా ఆగాలి. చీకట్లో చోటు వెతికితే కుక్కలూ మీరూ మిగులుతారు.

ముందు ఊళ్ళో అడగండి. రచ్చబండ దగ్గరో, రామకోవెల దగ్గరో పెద్దవాళ్ళుంటారు. ఎక్కడినుంచి వస్తున్నారో, ఎందుకో చెప్పి, "ఈ రాత్రికి ఇక్కడ పడుకోవచ్చా?" అనండి. కళింగపట్నం వైపు ఒకసారి నేను టెంట్ మేకులు దిగ్గొడుతుంటే ఒక ముసలాయన వచ్చి, "ఏటి బాబూ, ఇక్కడ తొంగుంటావేటి? గాలొస్తే నీ గుడ్డ ఎగిరిపోద్ది. మా సావిట్లో పడుకో" అన్నాడు. టెంట్ విప్పక్కర్లేని రాత్రులు మన జిల్లాల్లో చాలా వస్తాయి. బడి అరుగు అయితే మాస్టారినో సర్పంచినో అడిగి, పొద్దున్న పిల్లలొచ్చేలోపు ఊడ్చి లేవాలి.

ఇక్కడ వేయకండి:
- వంశధార, నాగావళి ఇసుక తిన్నెల మీద. ఈ రెండు నదులూ ఒడిశా కొండల్లోంచి వస్తాయి. మనకు ఎండ కాస్తున్నా అక్కడ వాన పడితే ఇక్కడ నీరు పెరుగుతుంది. గొట్టా బ్యారేజీ, తోటపల్లి గేట్లు ఎత్తినా అంతే.
- కొబ్బరి చెట్టు కింద. ఉద్దానంలో నీడ చూసి ఆశపడతారు. కాయ పడినా మట్ట పడినా టెంట్ ఆపదు.
- ఉద్దానం జీడితోటల్లో ఒంటరిగా. ఎలుగుబంట్లు తిరుగుతాయి, అందులోనూ సందెవేళ, తెల్లవారుజామున. ఊరి మధ్యే పడుకోండి.
- సీతంపేట, కురుపాం వైపు అడవి అంచుల్లో. అక్కడ ఏనుగుల సమస్య ఉంది. టెంట్ మాట మర్చిపోయి ఊళ్ళో గది తీసుకోండి.
- తేలినీలాపురంలో కొంగలు గూళ్ళు కట్టుకున్న చెట్ల దగ్గర. చూసి వచ్చేయండి.

సముద్రం ఒడ్డున అయితే ఎండిన నాచు, చెత్త గీతలా పేరుకున్న చోటు చూడండి, పోటు నీరు అక్కడిదాకా వస్తుందన్నమాట. దానికి బాగా పైకి, సరుగుడు తోట అంచున వేయండి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి మన ఒడ్డుకు వస్తాయి. వెలుగు చూస్తే తల్లి వెనక్కి పోతుంది, పిల్లలు దారి తప్పుతాయి. ఆ నెలల్లో ఇసుక మీద మంటలు, లైట్లు వద్దు.

ఐదో మెట్టు: టెంట్ వేయడం

1. ముందు బియ్యం, పప్పు గిన్నెలో నానబోయండి. ఆ అరగంటలో టెంట్ పని అవుతుంది.
2. ముళ్ళు, రాళ్ళు ఏరి, టార్పాలిన్ ముక్క పరవండి. అది టెంట్ అడుగుకంటే చుట్టూ రెండంగుళాలు చిన్నగా ఉండాలి. బయటకు వస్తే మంచు నీరు దానిమీద పడి మీ కిందికే చేరుతుంది.
3. ఇసుకలో మామూలు మేకులు నిలబడవు. చిన్న గుడ్డసంచిలో ఇసుక నింపి, తాడు కట్టి, అడుగు లోతున పాతి తొక్కండి. నాలుగు మూలలా నాలుగు. పొద్దున్న తవ్వి తీసి సంచులు వెనక్కి తెచ్చుకోండి.
4. సాయంత్రం సముద్రం మీంచి గాలి వస్తుంది, తెల్లవారుజామున నేల మీంచి. అందుకే రెండు వైపులా తెరుచుకునేలా వేయండి.
5. చెప్పులు లోపల పెట్టుకోండి. బయట వదిలితే పొద్దున్న దులిపి చూడకుండా కాలు పెట్టొద్దు, తేలు ఉండొచ్చు.

సరిగా పడిందా అని చూడాలంటే లోపల ఒకసారి పడుకుని దొర్లండి. తల వైపు ఎత్తుగా ఉండాలి. వెన్ను కింద ఏదైనా గుచ్చుకుంటే ఇప్పుడే తీయండి, రాత్రి రెండింటికి బద్ధకం వేస్తుంది.

ఆరో మెట్టు: వంట

టెంట్ లోపల స్టవ్ వెలిగించకండి. వాన వచ్చినా సరే. గుడ్డ అంటుకోవడం ఒక ప్రమాదం. మూసిన చోట కనబడకుండా చేరే కార్బన్ మోనాక్సైడ్ దానికంటే పెద్ద ప్రమాదం. గాలికి అడ్డుగా ఒకవైపు సంచి నిలబెట్టండి, చుట్టూ మూసేయకండి. డబ్బా వేడెక్కి పేలొచ్చు. సరుగుడు ఆకు రాలిన నేల మీద అయితే ముందు రెండడుగుల మేర ఊడ్చి ఇసుక చేయండి. ఆ ఆకు పెట్రోలులా అంటుకుంటుంది.

పులగం (ఒకరికి)

ఇంటి దగ్గరే చేయాల్సింది: 100 గ్రాముల బియ్యం కడిగి నీడలో బాగా ఆరబెట్టండి. 50 గ్రాముల పెసరపప్పు దోరగా వేయించండి. రెండూ కలిపి జీలకర్ర, మిరియాలు, పసుపు, ఉప్పు వేసి ఒక కవర్లో కట్టండి. రాత్రికొక కవరు. దారిలో బియ్యం కడిగే నీళ్ళ ఖర్చు తప్పుతుంది.

1. ఏ గ్లాసుతో కొలిచినా ఒకటికి మూడున్నర నీళ్ళు. అరగంట నాననివ్వండి.
2. మూతపెట్టి పొంగు రానివ్వండి. పొంగగానే మంట బాగా తగ్గించి ఏడు నిమిషాలు.
3. దించి, మూత తీయకుండా, గిన్నెను పాత తువ్వాలులో, దానిపైన దుప్పట్లో చుట్టి ఇరవై ఐదు నిమిషాలు వదిలేయండి. మిగతాది ఆ వేడికే ఉడుకుతుంది, గ్యాస్ సగం మిగులుతుంది. మసి గిన్నె అయితే ముందు కాగితం చుట్టండి, లేకపోతే ఇంటికెళ్ళాక దుప్పటి గురించి మాట పడాలి.
4. మెతుకు నొక్కి చూడండి. మధ్యలో తెల్లగా పలుకుంటే గుక్కెడు నీళ్ళు పోసి రెండు నిమిషాలు మరిగించి మళ్ళీ చుట్టండి.

పైన నెయ్యి, నువ్వులపొడి. నూనె సీసా తేకండి, అది కారని ప్రయాణం నేను చూడలేదు. నెయ్యి డిసెంబరులో గడ్డకట్టి బుద్ధిగా ఉంటుంది. ఆవకాయ అయితే ఊటలేని ముక్కలు మాత్రమే. గుడ్డు కావాలంటే ఊళ్ళో కొని, పెంకు కడిగి పొంగు వచ్చాక పులగంలోనే వేయండి. గుడ్లు పగలకుండా తీసుకెళ్ళాలంటే చోడిపిండి (రాగిపిండి) డబ్బాలో పూడ్చండి.

పులగం పొద్దుటికి దాచకండి, పప్పు ఉంది కనుక పాడవుతుంది. చద్ది తినాలనుంటే ఒట్టి అన్నం వండి, నీళ్ళు పోసి మూతపెట్టండి. పొద్దున్న ఉల్లిపాయ, మజ్జిగ చాలు.

చోడి అంబలి

రాత్రి పడుకోబోయేముందు నాలుగు చెంచాల చోడిపిండిని చన్నీళ్ళలో కలిపి సీసాలో పోసి పెట్టండి. మూత గట్టిగా బిగించకండి. పులిసి గాలి పుట్టి, తీసేటప్పుడు మొహం మీద చిమ్ముతుంది. పొద్దున్న రెండు గ్లాసుల నీళ్ళు మరిగించి, ఈ పిండినీళ్ళు తిప్పుతూ పోసి, ఐదారు నిమిషాలు ఉడకనివ్వండి. ఉప్పు, దొరికితే మజ్జిగ. పొడిపిండిని వేడినీళ్ళలో వేయడమే అందరూ చేసే పొరపాటు, ఉండలు కట్టేస్తుంది. పచ్చివాసన పోయి, గరిటెకు పలచగా పట్టుకుంటే అయినట్టే.

స్టవ్ మొరాయిస్తే

మందం అటుకులు ఒక గుప్పెడు ఎప్పుడూ ఉంచుకోండి. నీళ్ళు చల్లి ఐదు నిమిషాలు ఆగి పెరుగు, ఊరగాయ. లేదా పుట్నాలు, వేరుశనగ గుళ్ళు, బెల్లం. పలాస మీదుగా వెళ్తే జీడిపప్పు ముక్కలు కొనండి, గుండు పప్పుకంటే చవక, కడుపులో తేడా ఏమీ లేదు.

ఎండుచేపలు మాత్రం వద్దు. ఒకసారి బారువ వైపు తీసుకెళ్ళాను. రాత్రంతా ఐదు కుక్కలు టెంట్ చుట్టూ కాపలా కాశాయి.

నీళ్ళ సంగతి

సాయంత్రం ఆగేటప్పటికి మనిషికి నాలుగు లీటర్లు చేతిలో ఉండాలి: వంటకు ఒకటి, తాగడానికి రెండు, కడగడానికి ఒకటి. బావి నీళ్ళయితే గలగలా మరిగాక ఒక నిమిషం ఉంచండి. మరిగిస్తే క్రిములు చస్తాయి గానీ నీళ్ళలో కరిగినవి పోవు. ఉద్దానంలో కిడ్నీ జబ్బుల బాధ తెలిసిందే కదా. అక్కడి జనం ఏ నీళ్ళు తాగుతున్నారో అడిగి అవే తాగండి, తెలియని బోరు నీళ్ళు పట్టుకోకండి.

ఏడో మెట్టు: పొద్దున్న

మంచుకు టెంట్ తడిసే ఉంటుంది. ఎండ వచ్చేదాకా ఆగితే తొక్కే చల్లటి గంటలు పోతాయి. తడి పైకప్పును విడిగా కవర్లో చుట్టి కట్టేయండి. టిఫిన్‌కు ఆగినచోట కంచె మీదో సైకిల్ మీదో ఆరేయండి, ఇడ్లీ తినేలోపు ఆరిపోతుంది. చెత్తంతా సంచిలో వేసుకుని చెత్తకుండీ కనబడేదాకా మోయండి. మీరు పడుకున్న చోటుకు ఒకసారి వెనక్కి నడిచి చూడండి. మేకు ఒకటి ఎప్పుడూ అక్కడే ఉండిపోతుంది.

మొదటిసారికి ఎటు?

శ్రీకాకుళం వాళ్ళు గార మండలం దాటకండి. శ్రీకూర్మం చూసుకుని, శాలిహుండం బౌద్ధ శిథిలాల గుట్ట ఎక్కి దిగి, కళింగపట్నం లైట్‌హౌస్ దగ్గరికి సాయంత్రానికి చేరొచ్చు. ఏదైనా తేడా వస్తే రాత్రికే ఇంటికి వచ్చేసేంత దగ్గర. విజయనగరం వాళ్ళకు ఒక పూట రామతీర్థం, ధైర్యం వచ్చాక తాటిపూడి. పదహారో నంబరు జాతీయ రహదారి మీద చీకటి పడ్డాక తొక్కకండి, లారీల గాలికే సంచులున్న సైకిల్ పక్కకు లాగేస్తుంది.

ఇంటికొచ్చిన రోజే టెంట్ మళ్ళీ మేడ మీద ఆరేయండి, ఒక్క రాత్రి తడిగా చుట్టి ఉంచినా బూజు వాసన పడుతుంది. సముద్రపు ఒడ్డుకు వెళ్ళొస్తే చైను, బోల్టులు మంచినీళ్ళతో తుడిచి నూనె వేయండి. తర్వాత సంచులు మంచం మీద బోర్లించి, మూడు రోజుల్లో ఒక్కసారి కూడా బయటకు తీయనివి ఏవో ఒక కాగితం మీద రాసుకోండి. నా మొదటి కాగితంలో పదకొండు వస్తువులున్నాయి. అందులో ఒకటి ఇస్త్రీ చొక్కా.